ఇళ్ల వెనక దారి

కుళాయి వంటగుడిసె గుమ్మంలోంచి కనిపిస్తూనే ఉంటుంది. పశువుల దొడ్డి పక్కన, సిమెంటు దిమ్మ మీద, ఎండకి తళతళలాడుతూ. మధ్యలో ఉన్నది వట్టి వాకిలి. కోడిపిల్ల బయల్దేరితే దారిలో నాలుగు గింజలు ఏరుకుని కూడా ఇట్టే చేరిపోతుంది. వుయెల్వా మాత్రం ఆ వాకిలి తొక్కకూడదు. దొడ్డికీ పెద్దింటికీ మధ్య జాగా ఆ ఇంటి పెద్దలది, ఉన్నవాళ్లదీ పోయినవాళ్లదీ కూడా. కొత్తకోడలు అటు నడవదు. అందుకని ఆమె బకెట్ పట్టుకుని వంటగుడిసె వెనక్కి, అక్కణ్ణించి గుండ్రటి పాత గుడిసె వెనక్కి, మొక్కజొన్నల కొట్టు వెనక్కి వెళ్లి, కలబంద కంచె వెంబడి దిగి, దొడ్డి చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి కుళాయి దగ్గర తేలుతుంది. నీళ్లు పట్టుకుని మళ్లీ అంతా వెనక్కి. వచ్చేసరికి బకెట్లో నీళ్లు కొంత తగ్గుతాయి, ఆమె గౌను అంచు ఆ మేరకు తడుస్తుంది.

గౌను చీలమండల దాకా. తలగుడ్డ కనుబొమ్మల దాకా. భుజాల మీద దుప్పటి, మెడ దగ్గర పిన్నుతో బిగించి. దక్షిణాఫ్రికాలో డిసెంబరంటే నడివేసవి; ఆ సంగతి దుప్పటికి ఎవరూ చెప్పినట్టు లేరు.

"మకోటీ, నీళ్లకెళ్లావా, నదికెళ్లావా?" అంది నొంబులెలో.

మకోటి అంటే కొత్తకోడలు. పెళ్లయి ఊళ్లోకి అడుగుపెట్టిన దగ్గర్నుంచి వుయెల్వాకి అదే పేరు. నొంబులెలో ఆమె మొగుడికి అక్క. ఉమ్తాతాలో బ్యాంకులో పనిచేస్తుంది, పెళ్లయి నాలుగేళ్లయింది. క్రిస్మస్ పండక్కి అత్తారింటికి వెళ్లాల్సిన మనిషి మోకాలు బెణికిందని పుట్టింటికి వచ్చి, ఆ తొక్కకూడని వాకిలి నడిబొడ్డున ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఇంకో కుర్చీ వేయించుకుని, కట్టు కట్టిన ఎడమకాలు దానిమీద పెట్టుకుంది. కాలికి కుర్చీ ఉంది. వుయెల్వాకి లేదు, కొత్తకోడలు చాప మీదే కూర్చోవాలి.

"ఇప్పుడే తెస్తున్నా వదినా."

"స్కోన్లు కూడా, ఆ చిన్న రొట్టెలు. నిన్నటిలాగా అడుగు మాడినవి కాకుండా చూడు."

స్కోన్లు మాడింది పొయ్యి కింద కట్టెలు సర్దే మనిషి కుళాయి కోసం ఊరు చుట్టి రావడం వల్ల. వుయెల్వా ట్రే తుడిచి, ఎనామెల్ కప్పులు పేర్చి, పాలు పోసి టీ కలిపి, తనకోసం ఒక కప్పు నల్ల టీ పక్కన పెట్టుకుంది.

అదీ అసలు బాధ. ఈ ఇంటి పాలు ఆమె నోట పెట్టకూడదు. పాలే కాదు, సొరబుర్రలో పులిసిన గడ్డపెరుగు, వాళ్ల అమాసి, అది అసలే కూడదు. మేకని కోసి, చాప పరిచి, ఇంటి పెద్దకూతురు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని తన చేత్తో మొదటి ముద్ద మాంసం, మొదటి గరిటె పెరుగు తినిపిస్తే అప్పుడు ఆమె ఆ ఇంటి మనిషి. అందాకా పొద్దున్నే పొడిపొడిగా వండిన మొక్కజొన్న సంకటి మీద అందరికీ బుర్ర వంచి గబగబ పెరుగు పోయడం ఆమె పని, తన సంకటి ఉప్పునీళ్లతో మింగడం ఆమె వంతు. తీరపట్నం ఈస్ట్ లండన్‌లో ఆమె ఉద్యోగం పాల ఫ్యాక్టరీలో. రోజంతా చెంచాతో పెరుగు రుచి చూసి ఇది పంపొచ్చు, ఇది వద్దు అని చెప్పడమే. జీతం ఇచ్చి తినిపించే చోట మొహం మొత్తిన వస్తువు కోసం ఇక్కడ నోరూరడం ఆమెకే సిగ్గుగా ఉంది.

వాళ్లమ్మ రోజూ ఫోన్ చేస్తుంది. పలకరింపు లేదు, ఏమీ లేదు. "పెట్టారా?"

"పండగ మర్నాడుట అమ్మా. మేకని కూడా కట్టేశారు."

"ఇక్కడ అందరూ అడుగుతున్నారే. చదువుకున్న పిల్లని ఇంకా గుమ్మంలోనే ఉంచారా అని."

మేక నిజంగానే ఉంది. తెల్లటిది, కొట్టు వెనక గుంజకి కట్టి. బకెట్‌తో వెళ్లినప్పుడల్లా వుయెల్వా దానికి రెండు ఆకులు వేసేది. ఇద్దరిలో ఒకళ్లకైనా మేత బాగుండాలి.

*

పండగ ముందురోజు ఫెజీవా, థాండెకా కారేసుకుని వచ్చారు. కాలేజీలో ముగ్గురూ ఒకే గది. కారు దిగుతూనే ఫెజీవా నల్లకళ్లద్దాలు పైకెత్తి చూసింది.

"ఏమే, నువ్వేనా? మీ అమ్మమ్మ వచ్చిందనుకున్నా."

"దుప్పటి తియ్యవే తల్లీ," అంది థాండెకా. "నిన్ను చూస్తే నాకు చెమటలు పడుతున్నాయి."

వాళ్లని పాత గుడిసెలో కుర్చీల్లో కూర్చోబెట్టి వుయెల్వా తలుపు పక్కన చాప మీద కూలబడింది. స్నేహితురాళ్ల మొహాలు చూడాలంటే మెడ ఎత్తాలి, మెడ ఎత్తితే తలగుడ్డ జారుతుంది. అల్లం బీరు గ్లాసులు వాళ్లకి అందించింది. తన నల్ల టీ చూసి ఫెజీవా కిసుక్కున నవ్వింది.

"పాల ఫ్యాక్టరీ మనిషివి, నల్ల టీయా?"

"మేక అయ్యేదాకా అంతే."

"సరే, ఎల్లుండి తర్వాత రోజు సముద్రానికి వెళ్తున్నాం. పోయినేడు కూర్చున్న రాళ్ల దగ్గరే. చేపలు కాల్చుకుందాం. వస్తున్నావు."

"మేకయ్యాక చెప్తా."

"మేకకీ సముద్రానికీ ఏంటే సంబంధం?"

"మేకయితే నేను ఈ ఇంటి మనిషిని. మనిషినైతే సెలవు అడగొచ్చు."

థాండెకా నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేసింది. అంతలో వాకిట్లోంచి గొంతు వచ్చింది. "మకోటీ, కబుర్లు తర్వాత చెప్పుకోవచ్చు. అమ్మావాళ్లకి టీ. నా కాలికింద దిండు కూడా జారిపోయింది."

వుయెల్వా లేచింది. దిండు సర్దడానికి వాకిట్లోకి వెళ్లకూడదు కాబట్టి పెద్దింటి వెనకనించి చుట్టి వచ్చి, వెనక తలుపులోంచి లోపలికెళ్లి, ముందు గుమ్మంలో నిలబడి చెయ్యి చాచి ఇంకో దిండు అందించింది. దాన్ని నొంబులెలోయే కాలికింద సర్దుకుంది. ఆమె తిరిగి వచ్చేసరికి స్నేహితురాళ్లు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"వస్తావు కదూ?" అంది ఫెజీవా, ఈసారి నవ్వకుండా.

*

పండగనాడు గొర్రెని కోశారు. పిల్లలు కొత్తబట్టలేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు వసూలు చేసుకున్నారు. వుయెల్వా పొద్దున పొయ్యి ముందు వంగిన నడుము సాయంత్రం గిన్నెల ముందు ఎత్తింది. చివరి కుండ బోర్లిస్తుంటే అత్తగారు వంటగుడిసెలోకి వచ్చి, గుమ్మానికి ఆనుకుని, ఎటో చూస్తూ చెప్పింది.

"మేక సంగతి ఈస్టర్‌కి చూద్దాం బిడ్డా."

వుయెల్వా చేతిలో పీచు ఆగింది.

"నొంబులెలో మోకాలు మడవలేకపోతోంది. మోకాళ్ల మీద కూర్చోకుండా పెడితే అది పెట్టినట్టు కాదు. అది తప్ప నాకు కూతురు లేదు. ఏం చెయ్యను?"

"అలాగే అత్తయ్యా."

అత్తగారు బోర్లించిన కుండని అనవసరంగా ఒకసారి తిప్పిపెట్టి వెళ్లిపోయింది.

మొగుడు లుబబాలో ఆమెకి కొట్టు వెనక దొరికాడు. ఆ పండగల్లో మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునే చోటు అదే. మేక మధ్యలో కూర్చుని నెమరేస్తోంది.

"నువ్వు చెప్పొచ్చు కదా," అంది వుయెల్వా.

"ఏమని? అక్క మోకాలు నయం చేసుకోమనా?"

"పిన్ని కూతురెవరైనా పెట్టకూడదా?"

"పెద్దవాళ్ల వ్యవహారం వుయెల్వా. నేను మాట్లాడితే పెళ్లాం మాట్లాడించిందంటారు."

"పెళ్లామే మాట్లాడిస్తోంది కదా."

అతను మేక చెవి నిమిరాడు. మంచివాడే. మంచితనం ఎక్కువ భాగం మేకకే అందింది. "ఈస్టర్ ఎంతలో వస్తుంది చెప్పు," అన్నాడు.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసినప్పుడు వుయెల్వా ఎత్తలేదు. పెట్టారమ్మా అనేస్తే ఒక్క మాటతో పోతుంది. నోటిదాకా వచ్చిన ఆ మాటకి భయపడే ఎత్తలేదు.

*

ఇళ్ల వెనక దారిలో నడిచేవాళ్లకి ఒక లాభం ఉంది. ప్రతి ఇల్లూ ముందువైపు ముస్తాబై ఉంటుంది. వెనకవైపు తన మానాన తనుంటుంది. మామగారు మానేశానని చెప్పిన పొగాకు పైపు ఏ గోడరాయి వెనక ఉంటుందో వుయెల్వాకి తెలుసు. అత్తగారు పక్కింటావిడకి తీపి రొట్టె తనే చేశానని చెప్పి, కొట్లో కొన్న పొట్లం కాగితాలు ఎక్కడ పారేస్తుందో తెలుసు. పండగ మర్నాడు తెల్లవారుజామున బకెట్‌తో మొక్కజొన్నల కొట్టు మలుపు తిరిగేసరికి ఇంకొకటి తెలిసింది.

కలబంద కంచె దగ్గర నొంబులెలో నిలబడి ఉంది. కట్టు లేదు. పొరుగింటి ఆవిడ కంచె అవతలనించి ఏదో చెప్పింది, ఈమె పగలబడి నవ్వింది, తర్వాత గౌను పిక్కల పైకి ఎత్తిపట్టి ఎడమకాలు చాచి ఆ కంచె దాటింది. దాటడం అంటే మామూలుగా కాదు. బడిపిల్ల తాడాట ఆడినట్టు. అవతల రెండు కాళ్ల మీదా దిగి, పొరుగావిడ చెయ్యి పట్టుకుని ఇంట్లోకి వెళ్లింది.

వుయెల్వా బకెట్ కింద పెట్టింది. మేక ఆమె దుప్పటి అంచు నోట్లో పెట్టుకుంది.

"వదిలెయ్. నీకూ ఈస్టర్ దాకా టైముంది," అంది దాంతో.

నీళ్లు పట్టుకుని వచ్చి, పొయ్యి రాజేసి, టీ కలిపేసరికి నొంబులెలో వాకిట్లో కుర్చీలో ఉంది. కట్టుంది. దిండుంది.

"ఆలస్యమైంది మకోటీ."

"అవును వదినా. దారి పొడుగు కదా, చూస్తూ నడిచాను."

నొంబులెలో కప్పు పెదాల దగ్గర ఆపి ఆమె వైపు చూసింది. వుయెల్వా చూపు నేల మీదే ఉంది. కొత్తకోడలి చూపు నేల మీదుండటంలో ఉన్న హాయి ఆమెకి అప్పుడు తెలిసింది.

*

మధ్యాహ్నం ట్రక్కు టాక్సీ ఒకటి గేటు ముందు ఆగి, దానిమీంచి దుప్పట్లు కప్పుకున్న ఇద్దరు పెద్దాడవాళ్లు దిగారు. వాకిట్లో రెండు కుర్చీలూ ఖాళీ అయిపోయాయి. నొంబులెలో ఎంత వేగంగా లోపలికి వెళ్లిందంటే దిండు దారిలో పడిపోయింది. వచ్చింది ఆమె అత్తగారూ, ఆవిడ పెద్దకూతురూ.

వుయెల్వా ట్రే పట్టుకుని పెద్దింట్లోకి వెళ్లేసరికి నొంబులెలో మంచం మీద ఉంది. వుయెల్వా రెండుసార్లు చూడాల్సి వచ్చింది. తలగుడ్డ కనుబొమ్మల దాకా దిగింది. భుజాల మీద దుప్పటి. గొంతు సగమైంది.

"దణ్ణం అత్తయ్యా. దణ్ణం వదినా."

"ఎలా ఉందమ్మా కాలు?" అంది వాళ్లత్తగారు, మంచం దగ్గరికి రాకుండానే. "మా ఇంట్లో పండగ గిన్నెలు అలాగే పడున్నాయి. మా అమ్మాయి ఒక్కతే చచ్చింది."

ఆ అమ్మాయి, నలభై ఏళ్ల మనిషి, చచ్చినట్టు కుర్చీలో కూర్చుని నాలుగో స్కోను అందుకుంది.

"ఏం చెప్పమంటారు వదినగారూ," అంది వుయెల్వా అత్తగారు వియ్యపురాలితో. "మడవలేకపోతోంది. దీని మూలాన మా కోడలికి పెరుగు పెట్టడం కూడా వాయిదా వేశాం."

వచ్చినావిడ టీ ఊదుకుంటూ గదంతా కలయజూసింది. తల్లి కూతురి మాటే చెబుతుంది. కూతురు తన మాటే చెబుతుంది. ఆవిడ చూపు చాప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చక్కెర అందిస్తున్న మనిషి మీద ఆగింది.

"నువ్వు చెప్పు బిడ్డా. నువ్వే కదా దగ్గరుండి చేసేది. ఎలా ఉంది మోకాలు?"

మంచం మీద దుప్పటి పిడికిట్లో నలిగింది. వుయెల్వా అటు చూడలేదు. చక్కెర గిన్నె మూత పెట్టి, గుడ్డతో అంచు తుడిచింది. కంచె సంగతి చెప్పేస్తే చాలు. ఇన్నాళ్ల దిండ్లు, స్కోన్లు, నల్ల టీలు అన్నీ ఒక్క కంచెతో తీరిపోతాయి.

"మొదట్లో బాగా బాధపడిందమ్మా వదిన," అంది, నేల చూస్తూ. "అడుగు కింద పెట్టలేదు. ఇవాళ పొద్దున్నుంచి చాలా నయం. నేనే కళ్లారా చూశాను. రేపటికి మోకాళ్ల మీద కూర్చోగలదు. నాకు పెరుగు పెట్టేస్తే ఎల్లుండి మీతో ప్రయాణం కూడా చెయ్యగలదు."

అందరూ నొంబులెలో వైపు తిరిగారు. నొంబులెలో వుయెల్వా వైపు చూసింది. ఆ చూపులో తిట్టు ఉంది, లెక్క ఉంది, చివర్న ఇష్టంలేని మెచ్చుకోలు కూడా ఉంది.

"అవును," అంది. "పొద్దున్నుంచి... కొంచెం తేలిగ్గానే ఉంది."

"అయితే ఉండి మేక తినే వెళ్తాం," అంది వాళ్లత్తగారు.

*

సముద్రం దగ్గర ఫెజీవావాళ్లు చేపలు కాల్చుకుంటున్న పూట, పాత గుడిసెలో చాప పరిచారు. మేకని పొద్దున్నే తోలుకెళ్లారు. వుయెల్వా అటువైపు వెళ్లలేదు. ఆడవాళ్లంతా గోడవారన కూర్చున్నారు. నొంబులెలో వచ్చి, కట్టున్న మోకాలు ముందు ఆనించి, తర్వాత రెండోది ఆనించి ఎదురుగా కూర్చుంది. ముఖం బాధగా పెట్టడం మర్చిపోయి, గుర్తొచ్చి, కొంచెం ఆలస్యంగా పెట్టింది.

మాంసం ముక్క నోట్లో పెట్టింది. వుయెల్వా నమిలి మింగింది. తర్వాత నొంబులెలో సొరబుర్ర వంచి చెక్కగరిటెలోకి పెరుగు తీసింది. ఆ చెయ్యి గరిటెని సగం దారిలో ఆపింది. నటన అనుకుంది వుయెల్వా. మోకాలి నొప్పి చేతికెందుకు వస్తుందో మరి. గరిటె పెదాల దగ్గరికి వచ్చింది. గోడవారన పాట అందుకున్నారు. ఆ పాట చాటున, తల దగ్గరగా వంచి, నొంబులెలో గొణిగింది.

"సంబరమేనా? నాకు ఇంకా పెట్టలేదు వాళ్లు."

పెరుగు నోట్లో ఉంది. పుల్లటి, చిక్కటి గడ్డ. ఫ్యాక్టరీలో అయితే మంచి సరుకు అని రాసేది. వుయెల్వా నాలుక మీద అది అలాగే నిలిచిపోయింది.

"నాలుగేళ్లు," అంది నొంబులెలో, రెండో గరిటె తీస్తూ. "మింగు. అందరూ చూస్తున్నారు."

మింగింది. ఆడవాళ్లు సంతోషంగా కూతలు పెట్టారు. అత్తగారు కళ్లొత్తుకుంది. గోడవారన నొంబులెలో అత్తగారు, ఎముక చీకుతూ, "మేక లేతది," అంది.

సాయంత్రం వుయెల్వా అమ్మకి తనే ఫోన్ చేసింది. "పెట్టారమ్మా." అటునుంచి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఇంక వాకిట్లోంచి నడవొచ్చా అత్తయ్యా?" అని అడిగింది తర్వాత.

"పెరుగు వేరు, వాకిలి వేరు బిడ్డా. ఒక పిల్లో పిల్లాడో పుట్టనీ."

*

మర్నాడు తెల్లారుతూనే బకెట్ తీసుకుని వెనక దారి పట్టింది. కొట్టు దగ్గర ఖాళీ గుంజ. అక్కడ రాయి మీద నొంబులెలో కూర్చుని ఉంది, సంచీ పక్కన పెట్టుకుని, ఇంకో బకెట్ పట్టుకుని.

"నువ్వు వాకిట్లోంచి వెళ్లొచ్చు కదా వదినా."

"వెళ్లొచ్చు." లేచింది. "సాయంత్రానికి మళ్లీ వెనక దారే కదా. కాళ్లకి అలవాటు చేస్తున్నా. వాళ్ల కుళాయి ఇంతకన్నా దూరం."

ఇద్దరూ కంచె వెంబడి దిగారు.

"మరి అత్తయ్యకి చెప్పలేదా?"

"మొదటేడే పెట్టారని అమ్మకి చెప్పాను. ఊరంతా చెప్పుకుంది. ఇప్పుడేమని చెప్పను? వాళ్ల పెద్దమ్మాయి పెట్టాలి. ఒకేడు దానికి నడుము నొప్పి, ఒకేడు పళ్లు పీకించుకుంది. పోయినేడు అసలు కారణం కూడా చెప్పలేదు."

"నాకు చెప్తే..."

"నీకు చెప్తే నువ్వు జాలిపడేదానివి. నీ జాలి తింటూ నీకు పని చెప్పడం కుదరదు కదా." కుళాయి తిప్పింది. "నేనెలాగూ తినలేదు, ఇది మాత్రం వచ్చిన ఏడే ఎందుకు తినాలి అనిపించింది. అంతే. కంచె దగ్గర నువ్వు చూశావని నాకు తెలుసు. చెప్పేస్తావనుకున్నా."

నీళ్లు బకెట్లో పడుతున్న చప్పుడు మారగానే వుయెల్వా రెండో బకెట్ కుళాయి కిందికి జరిపింది.

బయల్దేరేముందు టీ వుయెల్వాయే తెచ్చింది. ఈసారి తన కప్పులోనూ పాలున్నాయి. వచ్చినవాళ్ల ముందు ట్రే పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, చూపు నేలకి దించి అంది.

"అమ్మా, మీ ఇంట్లో వదినకి పెరుగు పెట్టే రోజు మాక్కూడా కబురు చెయ్యండి. అత్తయ్యని తీసుకుని మేమూ వస్తాం."

తలుపు దగ్గర సంచీ సర్దుకుంటున్న నొంబులెలో అలాగే వంగి ఉండిపోయింది.

"ఏ పెరుగు?" అంది వుయెల్వా అత్తగారు.

ఆవిడ తలుపు వైపు తిరిగింది.

"ఏ పెరుగే, నొంబులెలో?"

వియ్యపురాలు కప్పులో చెంచా తిప్పింది. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది, ఆవిడ తిప్పుతూనే ఉంది. "అనుకుంటూనే ఉన్నాం వదినగారూ. ఏటికేడు ఏదో ఒకటి అడ్డమొస్తోంది..."

అత్తగారు కూతుర్ని చూసింది. ఆ తలగుడ్డని, దుప్పటిని, వంగిన వీపుని. ఇవన్నీ వుయెల్వా మీద చూసినప్పుడు ఆవిడ చూపు ఇంతసేపు ఆగలేదు. తన కప్పు కింద పెట్టింది.

"వస్తాయి అడ్డాలు," అంది మెల్లిగా. "మా ఇంట్లోనూ మోకాలు అడ్డమొచ్చింది. నిన్న నయమైంది. మీ ఇంట్లో ఎప్పటికి నయమవుతుందో చెప్పండి, నేనే వస్తాను."

"ఈస్టర్‌కి చూద్దాం..."

"ఈస్టర్ నాలుగు రోజులు. ఏ రోజు?"

"శనివారం," అంది ఆవిడ, కూతురి వైపు చూడకుండా. కూతురి చేతిలో స్కోను పళ్లెంలోకి తిరిగి వెళ్లిపోయింది.

"మకోటీ, విన్నావుగా? శనివారం. నేను మర్చిపోతే నువ్వు గుర్తుచెయ్యి."

"అలాగే అత్తయ్యా."

ట్రక్కు టాక్సీ గేటు దగ్గర హారన్ కొట్టింది. పెద్దవాళ్లిద్దరూ ముందు ఎక్కారు. నొంబులెలో వెనకపడి, గేటు పక్కన నిలబడ్డ వుయెల్వా చేతిలో ఏదో కుక్కింది. మెత్తగా, గట్టిగా చుట్టిన ఉండ. మోకాలి కట్టు.

"దాచుకో," అంది. "బాగా సాగుతుంది. నీకూ ఎప్పుడో పనికొస్తుంది."

ఎడమకాలు ఎత్తి ఒక్క ఊపులో ట్రక్కు ఎక్కి కూర్చుంది. ఎవరూ ఆ కాలి వంక చూడలేదు.

దుమ్ము సర్దుకున్నాక వుయెల్వా కట్టుని దుప్పటి మడతలో దోపుకుంది. ట్రేలో కప్పులు పేర్చి, వంటగుడిసె గుమ్మంలో దింపి, బకెట్లోకి చూసింది. అడుగున రెండు గుక్కలున్నాయి. కుళాయి ఎదురుగా, వాకిలికి అవతల, ఎండలో తళతళలాడుతోంది. బకెట్ అందుకుని వెనక్కి తిరిగింది.